మైనపు ఓడల మేస్త్రి – విలియం ఫ్రూడ్

సంచికకు ఏదైనా రాయమని అడగడానికి విద్యార్థి సంఘం కార్యదర్శి కొండపల్లిలో మా ఇంటికి వచ్చినప్పుడు, ఆ కుర్రవాడి చూపు బీరువా మీదున్న ఓడ మీద పడింది. మూడున్నర అడుగుల పొడవు, తెల్లపొణికి కర్ర, బూడిదరంగు. విక్రాంత్ అని చెప్పాను. 2022లో కొచ్చిలో నౌకాదళంలో చేరిన ఓడేనా అన్నాడు. కాదు నాయనా, పాతది. 1961లో చేరినది, 1971 యుద్ధంలో తూర్పు సముద్రంలో పనిచేసినది, 1997లో సెలవు తీసుకున్నది, 2014లో తుక్కుకింద విప్పడం మొదలుపెట్టినది అన్నాను. చాలా బాగా చేశారండీ అన్నాడు. ఇది మొదటిసారి నీళ్లలో దించగానే బోర్లాపడిందంటే మాత్రం నమ్మలేదు. ఆ బోర్లాపడటం మూలానే నాకు ఒక పెద్దమనిషి పరిచయమయ్యారు. ఆయన 1879లోనే కాలం చేశారు. ఆయన్ను గూర్చే ఈ నాలుగు మాటలు.

హైడ్రాలిక్స్ చదివిన వాళ్లందరికీ ఆయన పేరు తెలుసు. నీటివేగాన్ని, లోతును, భూమ్యాకర్షణను కలిపి ఒక అంకె కడతాం; ఆనకట్ట మీంచి దూకే నీటికి, కాలువలో పారే నీటికి ఆ అంకెతోనే పని. మనం ఫ్రౌడ్ నంబరు అంటాం. వాళ్ల దేశంలో ఆ పేరును ఫ్రూడ్ అని పలుకుతారు. ఇంజన్ల లాబ్‌లో నీటితో బ్రేకు వేసి హార్స్‌పవర్ కొలిచే డైనమోమీటరు కూడా ఆయన పుణ్యమే. పరీక్షలో ఆయన పేరుమీద మార్కులు తెచ్చుకున్నవాళ్లు వందలమంది ఉంటారు గాని, ఆయన మైనంతో ఓడలు చేసేవారని ఎందరికి తెలుసు?

ముందు నా సంగతి చెప్పుకోవాలి. మాది బొమ్మలు చేసే కుటుంబం. నాన్న అంబారీ ఏనుగులు, దశావతారాలు చేసేవారు. థర్డ్ ఇయర్‌లో కళాశాల ఎగ్జిబిషన్ కోసం విక్రాంత్ చేద్దామని పట్టుబట్టాను. ఓడ పొడవు 700 అడుగులు, నీటిమట్టం దగ్గర వెడల్పు 80. రెండువందలో వంతు స్కేలు పెట్టుకున్నాను. పత్రికల్లో వచ్చిన ఫోటోలు కత్తిరించి, లైబ్రరీలో నౌకాదళం మీదున్న పుస్తకాలన్నీ తిరగేసి, మస్తూలు ఎంత ఎత్తు, విమానాలు దిగే డెక్కు ఎక్కడ పక్కకు జరుగుతుంది అని వేసవి సెలవులన్నీ కొలతలతోనే గడిపాను. కర్రను సన్నని సెగమీద ఆరబెట్టడం, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకులు పూడ్చడం, సున్నం పూయడం నాన్న దగ్గరుండి చేయించారు. చూడటానికి ఓడే. బుడమేరు నీళ్లు నిలిచిన మడుగులో దించాను. ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, వెల్లకిలా తిరిగింది. స్నేహితులు నవ్వారు. బొమ్మలోడి ఓడ అన్నారు. కోపం వాళ్ల మీద రాలేదు, నాన్న వృత్తి మీద వచ్చింది. చిన్నతనం కదా.

అప్పుడు మా లెక్చరర్‌గారొకరు ఓడల నిరోధాన్ని గూర్చిన పుస్తకం ఒకటి చేతిలో పెట్టి, మొదటి అధ్యాయం చదువుకోమన్నారు. అందులో కనిపించారు ఫ్రూడ్.

విలియం ఫ్రూడ్ 1810 నవంబరు 28న ఇంగ్లండులో డెవన్ జిల్లా డార్టింగ్టన్‌లో పుట్టారు. తండ్రి చర్చి ఆచార్యుడు. పదేళ్లు నిండిన కొన్నాళ్లకే తల్లి పోయింది. అన్న హరెల్ మతోద్యమంలో పేరు తెచ్చుకొని చిన్నవయసులో చనిపోయాడు. తమ్ముడు జేమ్స్ ఆంథొనీ పెద్ద చరిత్రకారుడయ్యాడు. ఆ ఇంట్లో అందరిదీ మాటల సంపద, ఈయనదొక్కరిదే లెక్కల సంపద. ఆక్స్‌ఫర్డులో 1832లో గణితంలో మొదటి తరగతి వచ్చింది. రైళ్ల కాలం అది. 1837 నుంచి మహా ఇంజనీరు బ్రునెల్ కింద బ్రిస్టల్–ఎక్సెటర్ రైలుమార్గం పనిచేశారు. తిన్నని పట్టానుంచి వంపులోకి బండి కుదుపు లేకుండా తిరగాలంటే ఆ వంపు ఎలా మొదలవ్వాలో లెక్కకట్టారు.

మరి ఇంతటివాడు 1846లో ఉద్యోగం వదిలేశారు. ముసలితండ్రికి ఒంట్లో బాగుండటం లేదని ఇంటికి వచ్చేశారు. తండ్రి 1859లో పోయేదాకా, అంటే పదమూడేళ్లు, పెద్దపేరు రాగల ఇంజనీరు పల్లెటూళ్లో ఉండిపోయారు. మన దేశంలో ఇది విశేషం కాదు. వాళ్ల దేశంలో కూడా అలాంటివాళ్లుండేవారని నాకు అప్పుడే తెలిసింది.

ఇంతలో బ్రునెల్‌కు అవసరం పడింది. ఆయన గ్రేట్ ఈస్టర్న్ అనే 692 అడుగుల ఇనుపఓడ కట్టిస్తున్నారు. అంత పెద్ద ఓడ సముద్రంలో ఎలా ఊగుతుందో చెప్పమని పాత శిష్యుణ్ణి అడిగారు. ఫ్రూడ్ ఏళ్ల తరబడి ఆలోచించి 1861లో, అప్పుడే పుట్టిన నౌకానిర్మాతల సంస్థలో తన సిద్ధాంతం చదివారు. ఓడ ఎంత బిగువుగా నిటారుగా నిలబడితే అంత మంచిదని అప్పటి నమ్మకం. ఈయన కాదన్నారు. ఓడ తనంతట తాను ఊగే కాలం, అలలు వచ్చే కాలం ఒకటైతే, ఎంత బిగువైన ఓడైనా ఒళ్లు మరిచి ఊగుతుందన్నారు. ఉయ్యాల తోసే పిల్లవాడికి తెలిసిన రహస్యమే. ఓడలు కట్టేవాళ్లకు కొత్త.

అసలు పోరాటం అక్కణ్ణుంచే. ఆవిరి యుద్ధనౌకలు వచ్చాయి, వాటికి ఇనుపకవచాలు వచ్చాయి. ఫలానా ఆకారానికి ఫలానా వేగం కావాలంటే ఎంత పెద్ద ఇంజను పెట్టాలి? ఎవరికీ సరిగా తెలియదు. కోట్ల ఖరీదు చేసే ఓడ కట్టి, నీళ్లలో దించాక తప్పు తెలుసుకోవడమే. చిన్న నమూనాలు లాగి చూసినవాళ్లు అంతకుముందు లేకపోలేదు, కాని వాళ్ల లెక్కలు పెద్ద ఓడకు సరిపడలేదు. అందుచేత స్కాట్ రస్సెల్ వంటి పెద్దలకు నమూనాలంటే చులకన. పిల్లలాటగా తీసిపారేశారు. ఆ ముక్క చదివినప్పుడు నాకు బుడమేటి మడుగు, నా చుట్టూ నవ్విన మొహాలు గుర్తొచ్చాయి.

ఫ్రూడ్ వాదానికి దిగలేదు, లాగి చూశారు. 1867లో డార్ట్ నదిలో రెండు ఆకారాల నమూనాలు పెట్టారు: రావెన్ అని మొన సూదిగా ఉన్నది ఒకటి, స్వాన్ అని మొన గుండ్రంగా నిండుగా ఉన్నది మరొకటి. ఒక్కొక్కటి 3, 6, 12 అడుగుల పొడవుల్లో. మెల్లగా లాగితే సూదిమొనదే గెలుపు. వేగం పెంచితే గుండ్రనిదే గెలిచింది. సూదిమొనే సర్వోత్తమమన్న రస్సెల్‌గారి సిద్ధాంతానికి అది తొలిదెబ్బ. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. చిన్న, పెద్ద నమూనాలు రేపే అలలు ఎప్పుడు ఒకేలా కనిపిస్తాయి? వేగాలు పొడవుల వర్గమూలాల నిష్పత్తిలో ఉన్నప్పుడు. అంటే నూరోవంతు నమూనాను ఓడ వేగంలో నూరోవంతుతో కాదు, పదోవంతుతో లాగాలి. అప్పుడు అలల నిరోధం పొడవుల ఘనాల నిష్పత్తిలో వస్తుంది. ఫ్రాన్సులో రీష్ అనే ఆచార్యుడు ఈ నియమాన్ని అంతకుముందే కనిపెట్టి 1852లో అచ్చువేయించాడు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కాని దాన్ని పనిముట్టుగా చేసింది ఫ్రూడే.

ఎలా చేశారు? నిరోధాన్ని రెండుగా విడదీశారు. అలలు రేపడానికి పోయేది ఒకటి, నీటి రాపిడికి పోయేది ఒకటి. మొదటిది నియమం ప్రకారం పెరుగుతుంది, రెండోది పెరగదు. ముందటివాళ్లు రెండింటినీ ఒకే కట్టగా గుణించి పొరపాటుపడ్డారు. రాపిడిని విడిగా కొలవడానికి ఈయన సన్నని పలకలు నీటిలో నిలువుగా లాగించారు, 50 అడుగుల పొడవువి కూడా. వార్నిషు పూసినవి, తగరపు రేకు అంటించినవి, గుడ్డ చుట్టినవి, ఇసుక అద్దినవి. దేనికెంత అని పట్టికలు రాశారు.

1870లో నౌకాదళం వారు 2,000 పౌండ్లు మంజూరు చేశారు. టార్కీలో సొంత ఇంటి పక్కనే దాదాపు 278 అడుగుల పొడవున తొట్టి కట్టించి, పైన పట్టాలు వేసి, వాటిమీద బండి నడిపి నమూనాను లాగే ఏర్పాటు చేశారు. తనకు జీతం వద్దన్నారు. నమూనాలు గట్టి పారఫిన్ మైనంతో. కర్ర నీరు పీలుస్తుంది, వంకరపోతుంది. మైనం పీల్చదు, చెక్కడం తేలిక, పని అయ్యాక కరిగించి మళ్లీ పోసుకోవచ్చు. ఓడ గీతల ప్రకారం మైనాన్ని చెక్కే యంత్రం కూడా ఆయనే అమర్చారు. ఈ సంగతి చెబితే నాన్న, పాపం వాళ్లకు పొణికి దొరకలేదేమో అన్నారు. తర్వాత కొంచెంసేపాగి, వినాయకుణ్ణి మట్టితో చేసినట్టు అన్నమాట, మళ్లీ నీళ్లలో కలుపుకోవచ్చు అన్నారు.

అదే 1870 సెప్టెంబరులో కెప్టెన్ అనే కొత్త యుద్ధనౌక స్పెయిన్ తీరం దగ్గర గాలివానలో బోల్తాపడింది. సుమారు 480 మంది పోయారు. దాన్ని రూపొందించిన కోల్స్ కూడా ఆ ఓడలోనే ఉన్నాడు, ఆయనా మునిగాడు. నా బొమ్మ తిరగబడితే నలుగురు నవ్వారు, అంతే. ఆ పేజీ చదివాక నా అవమానం నాకే చిన్నదిగా కనబడింది.

తొట్టి చెప్పేది నిజమని రుజువు కావాలి. ప్రభుత్వం గ్రేహౌండ్ అనే అసలు యుద్ధనౌకనే ఇచ్చింది, 172 అడుగులది. దాన్ని 1871లో యాక్టివ్ అనే మరో ఓడ లాగింది. ముందు ఓడ రేపిన నీటిలో పడితే లెక్క చెడుతుందని, పక్కకు పెద్ద దూలం చాచి, దాని కొననుంచి తాడు కట్టారు. తాటిమీద ఎంత బలం పడుతున్నదో యంత్రం రాస్తూ వచ్చింది. దానికి పదహారోవంతు మైనపు నమూనాను, సుమారు పదకొండడుగులది, తొట్టిలో లాగారు. రెండు గీతలూ దాదాపు ఒకదాని వెంట ఒకటి నడిచాయి. 1874లో ఆ ఫలితం చదివాక నమూనాలను వెక్కిరించేవాళ్ల నోళ్లు మూతపడ్డాయి. ఇంకో చేదునిజం కూడా బయటపడింది: ఇంజను పుట్టించే శక్తిలో సగంకూడా ఓడను ముందుకు తోయడానికి అందటం లేదు, దారిలోనే వృథా అవుతోంది. నీటిబ్రేకు డైనమోమీటరు మీదికి ఆయన మనసు పోవడానికి ఇదే కారణం.

1876లో రాయల్ సొసైటీ పతకం వచ్చింది. 1878లో భార్య పోయింది. మనిషి అలిసిపోయారు. విశ్రాంతి కోసమని నౌకాదళం వారు తమ ఓడలో దక్షిణాఫ్రికా తీసుకువెళ్లారు. తిరిగి బయలుదేరబోయే ముందు రక్తవిరేచనాలు పట్టుకొని 1879 మే 4న సైమన్స్‌టౌన్‌లో కన్నుమూశారు. జీతం తీసుకోని ఆ ఇంజనీరుకు నౌకాదళం సైనిక మర్యాదలతో అక్కడే అంత్యక్రియలు జరిపింది. తొట్టి పని ఆగలేదు. కొడుకు ఎడ్మండ్ చేతిలోకి తీసుకొని, తర్వాత హాస్లర్‌లో ఇంకా పెద్దది కట్టించాడు. ఇవాళ ఓడలు కట్టే ప్రతి దేశంలోను అలాంటి తొట్లున్నాయి. మన విశాఖపట్నంలో నౌకాదళ పరిశోధన ప్రయోగశాలలో ఉన్నది 500 మీటర్ల పొడవు. సంవత్సరాల తర్వాత దాన్ని గూర్చి విన్నప్పుడు, టార్కీలో ఇంటిపక్క మైనం కాచిన మనిషి జ్ఞాపకం వచ్చారు.

ఇక నా విక్రాంత్ ఎందుకు తిరగబడింది? పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ రెండువందలో వంతు చేశాను. బరువు సంగతి ఆలోచించనే లేదు. పూర్తి బరువుతో ఆ ఓడ 19,500 టన్నులు. రెండువందల ఘనం ఎనభై లక్షలు. భాగిస్తే సుమారు రెండున్నర కిలోలు. కిరాణాకొట్టు తక్కెట్లో పెట్టి చూస్తే నాది కిలో కూడా తూగలేదు! పొణికి అంత తేలిక, అందుకే కదా బొమ్మలకు అంత పేరు. నీటిలో దిగవలసినంత దిగక, పైన వెడల్పాటి డెక్కు మోస్తూ నిలబడింది, నిలవలేకపోయింది.

జాలర్లు వలలకు కట్టే సీసపు గుళ్లు కొనుక్కొచ్చి, అడుగున తొలిచి కొద్దికొద్దిగా నింపాం. ఎక్కడ తొలవాలో, ఎక్కడ మక్కు పెట్టాలో నాన్న చూశారు. ఎంత బరువో నేను చూశాను. రెండున్నర కిలోలు కాగానే ఓడ తన గీతదాకా నీటిలో దిగి, తిన్నగా నిలిచింది. అసలు ఓడ గంటకు 24 నాట్ల పైచిలుకు వెళ్లేదట. వర్గమూలం లెక్కన దీన్ని మనిషి నిదానంగా నడిచే వేగంతో లాగాలి. దారం పట్టుకొని మడుగు గట్టున నేను నడిచాను. ముక్కు దగ్గర చిన్న అల లేచి రెండు పక్కలా విచ్చుకుంటూ పోయింది. నాన్న గట్టుమీద గొంతుక్కూర్చొని ఆ అలనే చూస్తూ, ఇంకొంచెం మెల్లగా నడవరా అన్నారు.