కిటికీలు తెరిపించిన ఫ్లోరెన్స్ నైటింగేల్

వానలు వెనుకబట్టి చలిగాలి మొదలయ్యే వేళ మన విజయవాడలో ఏ పిల్లల ఆసుపత్రి మెట్లెక్కినా దగ్గులు, ఆయాసాలు వినిపిస్తాయి. ఒక జబ్బుతో చేరిన పసివాడు ప్రక్క మంచం నుండి మరొక జబ్బు అంటించుకొని ఇంటికి పోవడం వైద్యులెరిగిన సంగతే. ఆసుపత్రి తానే రోగహేతువు కారాదని జీవితాంతం పట్టుబట్టిన స్త్రీ ఫ్లోరెన్స్ నైటింగేల్. దీపం చేబూని నడచిన దయామూర్తిగా పాఠ్యపుస్తకాలు ఆమెను మనకు పరిచయం చేశాయి. మరణాల పట్టికలు ముందుంచుకొని కూర్చున్న నైటింగేల్ మనకు అంతగా తెలియదు.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో సంపన్న ఆంగ్ల కుటుంబంలో జన్మించింది. ఆ నగరం పేరే ఆమెకు పెట్టారు. తండ్రి స్వయంగా చదువు చెప్పాడు. గణితమంటే ఆమెకు మిక్కిలి మక్కువ. రోగులకు పరిచర్య చేయడం ఆనాడు గౌరవప్రదమైన వృత్తి కాదు గనుక ఇంటివారు ఏండ్ల తరబడి అడ్డుపడ్డారు.

క్రిమియా యుద్ధకాలంలో, 1854 నవంబరులో, 38 మంది పరిచారికలతో ఆమె స్కుటారి చేరింది. అది ఇస్తాంబుల్‌కు ఎదురుగా, బాస్ఫరస్ జలసంధి ఆవలి ఒడ్డున ఉన్నది. తుర్కీ సుల్తాను ఆంగ్లేయులకు ఇచ్చిన సెలిమియా సైనిక నివాసమే అక్కడ ఆసుపత్రి అయింది. ఆమె పథ్యపానాలు, దుప్పట్లు, శుభ్రమైన బట్టలు సమకూర్చింది. అయినా మరణాలు తగ్గకపోగా పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో రోగులలో నూటికి సుమారు 42 మంది మరణించారు. మార్చిలో లండన్ నుండి పారిశుద్ధ్య సంఘం వచ్చింది. ఆ భవనం క్రింది మురుగు కాలువలను కడిగించి, మూసుకుపోయిన గదులలోకి గాలి వచ్చే మార్గాలు తెరిపించింది. జూను నాటికి మరణాలు నూటికి రెండుకు దిగాయి.

దీని అర్థం ఆమెకు అప్పుడు బోధపడలేదు. సైనికులు ఆకలితో కృశించి, ఆలస్యంగా ఆసుపత్రి చేరుటవల్లనే మరణించారని నమ్మింది. స్వదేశం చేరిన పిదప విలియం ఫార్ అనే గణాంక శాస్త్రజ్ఞునితో కలిసి లెక్కలు కట్టగా నిజం తేలింది. యుద్ధభూమికి సమీపంలోని ఆసుపత్రుల కంటె తన ఆసుపత్రిలోనే చావులు ఎక్కువ! ఈ సత్యమే ఆమెను క్రుంగదీసి మంచం పట్టించిందని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. అయినా ఆమె ఆ అంకెలను దాచలేదు. ప్రభుత్వం ప్రకటించని నివేదికను 1858లో తానే అచ్చు వేయించి పెద్దలకు పంపింది. నా మట్టుకు నాకు ఆమె చేతి దీపం కన్న ఈ పని గొప్పదిగా తోస్తుంది.

అటుపిమ్మట ఆమె వ్రాసినవన్నీ ఈ అనుభవం నుండి పుట్టినవే. మంచాల మధ్య ఎడం ఉండాలని, గదికి రెండు ప్రక్కలా ఎదురెదురుగా కిటికీలుండాలని, పరిచారిక పగలు పలుమార్లు చేతులు కడుగుకోవాలని నిర్దేశించింది. ఆసుపత్రులను గూర్చిన ఆమె గ్రంథపు 1863 ముద్రణలో పిల్లల ఆసుపత్రులకు వేరుగా ఒక భాగమే కలదు. రోగి అయిన బిడ్డను క్షణమైనా ఒంటరిగా విడువరాదు గనుక అక్కడ పరిచారికలు ఎక్కువమంది కావాలన్నది ఆమె వాదం.

విచిత్రమేమంటే ఆమె నమ్మిన సిద్ధాంతం తప్పు. రోగాలకు చెడుగాలియే కారణమని తలచింది. అంటురోగ సిద్ధాంతాన్ని చాలాకాలం ఒప్పుకొనలేదు. మనుషులలో ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను 1933లో గాని కనుగొనలేదు. పసిపిల్లల ఊపిరితిత్తులను పట్టే ఆర్.ఎస్.వి. అనే వైరస్ 1956లో మొదట చింపాంజీలలో బయటపడింది. ఈ రెండవదానికి కిటికీ ఒక్కటే చాలదు. 1981లో అమెరికాలో కరోలిన్ హాల్ బృందం జరిపిన పరిశీలనలో, రోగియైన బిడ్డను ఎత్తుకొని లాలించిన 7 గురిలో 5 గురికి, బిడ్డ తాకిన వస్తువులను ముట్టిన 10 మందిలో నలుగురికి వైరస్ సోకింది. దూరంగా కూర్చున్న 14 మందిలో ఒక్కరికీ సోకలేదు. ఎత్తుకోకుండా ఏ తల్లి ఉండగలదు? కనుకనే చేతులు కడుగుకోవాలన్న ఆమె మాట నేడు పిల్లల వార్డులో కిటికీతో సమానమైనది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు లోకమంతా మరల ఆ రెంటికే వచ్చింది.

ఆమె భారతదేశాన్ని ఎన్నడూ చూడలేదు. అయినా మన దేశపు పారిశుద్ధ్యం, కరవు, నీటిపారుదలలపై దశాబ్దాల పాటు వ్రాసింది. గోదావరి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ వాదాన్ని సమర్థించింది. 1855లో బెజవాడ వద్ద కృష్ణకు కట్టిన ఆనకట్ట వెనుక కూడా ఆయన కృషి కలదు.

ఆమె 1910 ఆగస్టు 13న, తొంబదవ ఏట, లండన్‌లో కన్నుమూసింది. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేస్తామంటే బంధువులు అంగీకరించలేదు. ఈస్ట్ వెల్లో గ్రామపు చర్చి ఆవరణలో, కుటుంబ సమాధి రాతిపై, ఆమె పేరుకు రెండు పొడి అక్షరాలు, జనన మరణ తేదీలు మాత్రమే చెక్కారు.