కానరాని వెలుగు

విలియం హెర్షెల్ పేరు వినగానే మనకు యురేనస్ గ్రహం స్ఫురిస్తుంది. 1781 మార్చి 13వ తేదీ రాత్రి ఇంగ్లండులోని బాత్ పట్టణంలో, తన ఇంటి తోటలో నిలబడి ఆ గ్రహాన్ని కనుగొన్నవాడు ఆయనే. ఆ కీర్తి ప్రభలో ఆయన చేసిన మరొక ఆవిష్కరణ కొంత మరుగున పడింది. సుదూర గెలాక్సీలలో నక్షత్రాలు ఎంత వేగంగా పుడుతున్నాయో నేటి శాస్త్రజ్ఞులు లెక్క కట్టగలుగుతున్నారంటే, ఆ లెక్కకు పునాది ఆ రెండవ ఆవిష్కరణలో ఉన్నది.

హెర్షెల్ 1738 నవంబర్ 15వ తేదీన జర్మనీలోని హానోవర్ నగరంలో జన్మించాడు. తండ్రి ఐజాక్ సైనిక వాద్యబృందంలో ఓబో అనే సుషిరవాద్యాన్ని వాయించేవాడు. కుమారుడు కూడ ఆ బృందంలోనే చేరాడు. 1757లో యుద్ధ భయం వెన్నాడగా ఇంగ్లండు చేరి, సంగీతపాఠాలు చెప్పుకొంటూ, 1766లో బాత్ పట్టణంలోని ఒక ప్రార్థనామందిరంలో ఆర్గన్ వాద్యకారుడుగా కుదురుకున్నాడు. 1772లో చెల్లెలు కారొలీన్ అన్న చెంతకు వచ్చింది.

సంగీతం నుండి గణితానికి, గణితం నుండి ఆకాశానికి ఆయన దృష్టి మళ్ళింది. కోరినంత పెద్ద దూరదర్శిని వెల తనకు అందుబాటులో లేకపోవటంతో లోహపు దర్పణాలను తానే పోతపోసి సానపట్టసాగాడు. ఒక పర్యాయం పదహారు గంటలపాటు దర్పణం మీది నుండి చేతులు తీయలేదు. ఆ సమయంలో కారొలీన్ ఆహారాన్ని అన్న నోటికి అందించింది. రాత్రివేళ ఆయన దూరదర్శిని చెంత నిలిచి చూచినది చూచినట్లు చెబుతుంటే, ఆమె దీపం ముందు కూర్చొని వ్రాసేది. ఈ విధంగా ఇరవై ఏండ్లలో సుమారు 2,500 నీహారికలూ, నక్షత్ర గుచ్ఛాలూ గ్రంథస్థమయ్యాయి. వాటిలో అనేకం గెలాక్సీలని తరువాతి తరాలు తెలుసుకున్నాయి. ఎన్.జి.సి. 253 అని నేడు పిలిచే గెలాక్సీని 1783లో కారొలీన్ స్వయంగా కనుగొన్నది. లోకం అన్నను పొగడినంతగా చెల్లెలిని తలచుకోలేదు.

జ్యేష్ఠా నక్షత్రానికి చేరువలో ఒకచోట చుక్కలు బొత్తిగా లేకపోవటం హెర్షెల్‌ను ఆశ్చర్యపరచింది. చుట్టూ వేలాది నక్షత్రాలు, నడుమ నల్లని ఖాళీ. ఆకాశానికి రంధ్రం పడినట్లు ఆయనకు తోచింది. అక్కడి నక్షత్రాలన్నీ యుగాల తరబడి ఒకవైపుకు గుమిగూడటం వల్ల ఆ చోటు శూన్యమైనదని భావించాడు. అన్న పొందిన ఆ విస్మయాన్ని కారొలీన్ వృద్ధాప్యంలో సైతం మరువలేదు. ఆకాశ పరిశీలనకై దక్షిణాఫ్రికాకు బయలుదేరుతున్న మేనల్లుడు జాన్‌కు 1833లో లేఖ వ్రాసి, ఆ చోటును శ్రద్ధగా చూడమని కోరింది.

ఇక 1800వ సంవత్సరానికి వద్దాం. అప్పటికి హెర్షెల్ స్లౌ గ్రామంలో నివసిస్తున్నాడు. రంగుటద్దాల గుండా సూర్యుని పరిశీలిస్తున్నప్పుడు కొన్ని అద్దాలు వెలుగును అణచినా వేడిని అణచకపోవటం గమనించాడు. పట్టకంతో సూర్యకాంతిని విడదీసి, వర్ణపటంలో ఉష్ణమాపకాలు ఉంచాడు. పాదరసం ఊదారంగులో 2 డిగ్రీల ఫారన్‌హీటు, ఆకుపచ్చలో 3 డిగ్రీలకు పైగా, ఎరుపులో దాదాపు 7 డిగ్రీలు పెరిగింది. పోల్చి చూడటానికి ప్రక్కన ఉంచిన ఉష్ణమాపకాలలో ఆ పెరుగుదల లేదు. తరువాత ఉష్ణమాపకాన్ని ఎరుపు దాటి, కంటికి చీకటిగా ఉన్న చోటికి జరిపాడు. అక్కడా పాదరసం పైకే ప్రాకింది. కంటికి ఆనని ఆ కిరణాలనే నేడు పరారుణ కిరణాలంటున్నాము. వెలుగూ వేడీ ఒకే జాతివని మొదట తలచిన హెర్షెల్, అదే ఏడాది ఆ అభిప్రాయాన్ని వదలుకొన్నాడు. వాస్తవానికి ఆయన తొలి ఊహయే సరియైనది.

నీహారికలలోని పదార్థం క్రమంగా ఘనీభవించి నక్షత్రాలవుతుందని ఆయన 1811లో ప్రతిపాదించాడు. నక్షత్రాల పుట్టుకను గూర్చిన ప్రశ్న ఆయన మనస్సులో ఉన్నది, పుట్టింటి వాకిలి కంటి ఎదుట ఉన్నది, తాళంచెవి చేతిలో ఉన్నది. అయినా మూడూ ఒకచోట కలియలేదు. నక్షత్రధూళి పంపే అత్యల్పమైన వేడిని పసిగట్టటం ఆనాటి ఉష్ణమాపకాలకు అసాధ్యం. 1822 ఆగస్టు 25వ తేదీన ఆయన స్లౌ గ్రామంలో కన్నుమూశాడు.

ఆ నల్లని చోటు శూన్యం కాదు. వాయువుతో, ధూళితో దట్టమైన మేఘం. వెనుకనున్న చుక్కలను అది మరుగుపరుస్తుంది. అటువంటి మేఘాల గర్భంలోనే నక్షత్రాలు పుడతాయి. అలా పుట్టిన భారీ నక్షత్రాల తీక్ష్ణమైన అతినీలలోహిత కాంతిని ధూళి పీల్చుకొని, సున్నకు 240 డిగ్రీల సెల్సియస్ దిగువన మాత్రమే ఉండే గోరువెచ్చదనంతో పరారుణ కిరణాలుగా మరల వెలువరిస్తుంది. కనుక ఒక గెలాక్సీ వెదజల్లే పరారుణ కాంతిని కొలిస్తే, అందులో ఎన్ని నక్షత్రాలు కొత్తగా పుట్టాయో అంచనా కట్టవచ్చు. రేడియో తరంగాలు మరొక సాక్ష్యం చెబుతాయి. భారీ నక్షత్రాలు అల్పాయుష్కులు; కొన్ని కోట్ల ఏండ్లలోపే సూపర్‌నోవాలుగా ప్రేలిపోతాయి. ఆ ప్రేలుడు వేగం నందుకొన్న ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో తిరుగుతూ రేడియో తరంగాలను ప్రసరిస్తాయి. వాటిని ధూళి అడ్డలేదు. ఒకటి పుట్టుకల కాంతి, మరొకటి మరణాల ప్రతిధ్వని. అయినా వేలాది గెలాక్సీలలో రెండూ ఒకే నిష్పత్తిలో హెచ్చుతగ్గులు చూపుతాయి. ఈ కొలతల ప్రకారం మన పాలపుంతలో ఏడాదికి సుమారు రెండు సూర్యుల ద్రవ్యరాశి మేరకు నక్షత్రాలు పుడుతుండగా, ధూళి కప్పిన కొన్ని గెలాక్సీలలో అది వందకు మించుతున్నది. కారొలీన్ కనుగొన్న ఎన్.జి.సి. 253 కేంద్రంలోనూ నక్షత్రాల పుట్టుక ముమ్మరంగా సాగుతున్నదని పరారుణ, రేడియో పరిశీలనలు తెలిపాయి.

ఐరోపా అంతరిక్ష సంస్థ 2009 మే 14వ తేదీన ప్రయోగించిన పరారుణ దూరదర్శినికి హెర్షెల్ పేరే పెట్టారు. మూడున్నర మీటర్ల దర్పణం గల ఆ పరికరం, చల్లదనాన్నిచ్చే ద్రవ హీలియం అయిపోయేవరకు, అనగా 2013 ఏప్రిల్ దాకా పనిచేసింది. 2023 జులైలో జేమ్స్ వెబ్ దూరదర్శిని జ్యేష్ఠా నక్షత్రం చెంతనున్న ఆ మేఘంలో ఒక భాగాన్ని పరారుణ కాంతిలో చిత్రించింది. ఒక్క ఆ చిత్రంలోనే సుమారు యాభై పసి నక్షత్రాలు కనిపించాయి.