ఎర్నెస్ట్ స్టాన్లీ సాల్మన్

ఎర్నెస్ట్ స్టాన్లీ సాల్మన్ (1871 - 1959) ఇంగ్లాండుకు చెందిన సుప్రసిద్ధ శిలీంధ్ర శాస్త్రవేత్త. బీరుకు చేదును, సువాసనను ఇచ్చే హాప్ పంటలో ఈయన రూపొందించిన నూతన రకాలు ప్రపంచ ప్రఖ్యాతి పొందాయి.

జననం, తొలి పరిశోధనలు

సాల్మన్ లండన్ సమీపంలోని రిచ్‌మండ్‌లో జన్మించారు. మొక్కలకు బూడిద తెగులు కలిగించే శిలీంధ్రాలపై 1900లో ఒక ప్రామాణిక గ్రంథం వెలువరించారు. 1906లో కెంట్ ప్రాంతంలోని వై వ్యవసాయ కళాశాలలో చేరారు. హాప్ తోటలకు పేరుపొందిన ఆ ప్రాంతంలో బూడిద తెగులు రైతులకు తీవ్ర నష్టం కలిగించేది. తెగులును తట్టుకొనే మొక్కల అన్వేషణే ఈయనను హాప్ సంకరణం వైపు మళ్ళించింది.

హాప్ మొక్క స్వభావం

హాప్ గంజాయి కుటుంబానికి చెందిన బహువార్షిక తీగ. ఆడ, మగ పూలు వేర్వేరు మొక్కలకు పూస్తాయి. ఆడ పూగుత్తులలోని పసుపుపచ్చని పొడిలో ఉండే రెజిన్లే చేదుకు మూలం. విత్తనం నుండి మొలిచిన ప్రతి మొక్క గుణమూ వేరుగా ఉంటుంది. అందువలన మేలైన మొక్క లభించినపుడు దాని ముక్కలను నాటి రకాన్ని నిలుపుకుంటారు.

బీబీ1 మొక్క

అమెరికా ఖండపు హాప్‌లలో రెజిన్లు అధికం, ఐరోపా రకాలలో సువాసన మేలు. ఈ రెండు గుణాలను ఒకే మొక్కలో చేర్చాలని సాల్మన్ సంకల్పించారు. 1916లో కెనడాలోని మానిటోబాకు చెందిన అడవి హాప్ ముక్క ఆయనకు అందింది. తోటలో నాటిన వరుస, స్థానాలను బట్టి దానిని బీబీ1 అన్నారు. 1918లో అది గాలివాటున వచ్చిన పుప్పొడితో విత్తనాలు కట్టింది. ఆ శీతాకాలంలోనే మొక్క చనిపోయింది. అయితే విత్తనాలను అప్పటికే సేకరించి ఉంచడం వలన 1919లో వాటి నుండి మొలకలను పెంచగలిగారు.

నూతన రకాలు

ఆ మొలకల నుండి ఎంపికైన బ్రూవర్స్ గోల్డ్ 1934లోను, బులియన్ 1938లోను విడుదలయ్యాయి. వీటిలో చేదు అధికమైనా, అమెరికా హాప్‌ల ఘాటైన వాసన ఉన్నదని బీరు తయారీదారులు తొలుత వెనుకాడారు. కాంటర్‌బరీ గోల్డింగ్ అనే ఇంగ్లీషు రకం తల్లిగా 1934లో సంకరణం చేసిన నార్తర్న్ బ్రూవర్ 1944లో వెలువడింది. వెర్టిసిలియం ఎండు తెగులును తట్టుకొనే గుణం వలన అది జర్మనీలోనూ విస్తరించింది.

చివరి రోజులు, ప్రభావం

సాల్మన్ 1937లో పదవీ విరమణ చేసినా హాప్ సంకరణ కృషిని కొనసాగించారు. 1959లో మరణించారు. ఆయన పనిచేసిన కళాశాల 2009లో మూతపడింది. అమెరికాలో 1978లో విడుదలైన గలీనా రకానికి తల్లి బ్రూవర్స్ గోల్డే. రెండేళ్ళలో నశించిన బీబీ1 మొక్క వారసత్వం నేటికీ అధిక చేదు గల అనేక హాప్ రకాలలో నిలిచి ఉంది.