1024 అరలు కట్టిన లెక్కల కుర్రాడు

కదిరి నుంచి పోటీ పరీక్ష రాయడానికి అనంతపురమో తిరుపతో పోయినవాళ్లకు ఇది మామూలే. గేటు దగ్గర హాల్‌టికెట్ చూస్తారు, ఫొటో తీస్తారు, తర్వాత బయోమెట్రిక్ మిషన్ మీద వేలు పెట్టమంటారు. మనకు ఒక్క క్షణంలో అయిపోతుంది. అదే మిషన్ రేషన్ దగ్గర అమ్మ వేలు పెడితే ఒక పట్టాన ఒప్పుకోదు. ఏళ్ల తరబడి శెనక్కాయ చెట్లు పీకి, కాయలు ఒలిచి వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. చెయ్యి తుడుచుకుని, ఇంకో వేలు పెట్టి, మళ్లీ పెట్టి... ఆ అవస్థ చూసినవాళ్లకు తెలుసు.

ఆ గీతలను లెక్కలోకి దించిన మనిషి ఇంగ్లండ్ దొర అనుకుంటాం. కాదు, బెంగాల్లో పుట్టిన ఒక సబ్ ఇన్‌స్పెక్టర్. పేరు ఖాజీ అజీజుల్ హక్.

హక్ 1872లో ఖుల్నా ప్రాంతంలో పుట్టాడు. ఇప్పుడది బంగ్లాదేశ్. అమ్మానాన్నలు పడవ ప్రమాదంలో పోయారు. అన్న దగ్గర పెరిగాడు. పిల్లవాడికి తిండి యావ ఎక్కువట. ఇంట్లో మిగతావాళ్ల వాటా కూడా తినేస్తున్నాడని అన్న కొడితే, అలిగి కలకత్తా పారిపోయాడని చెబుతారు. అప్పుడు వయసు 12 ఏళ్లు. నా అన్నవాళ్లు లేని ఊళ్లో ఒక కుటుంబం చేరదీసింది. వాడు నోటితోనే లెక్కలు చేసేయడం చూసి వాళ్లే బడిలో వేశారు. అక్కడి నుంచి ప్రెసిడెన్సీ కాలేజీ దాకా వచ్చాడు. మనలో సీటు వచ్చాక ఫీజు ఎవరు కడతారా అని ఆలోచించినవాళ్లకు ఈ దారి ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

1892లో బెంగాల్ పోలీస్ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీ, లెక్కల్లో గట్టివాణ్ని ఒకణ్ని పంపమని కాలేజీ ప్రిన్సిపాల్‌ను అడిగాడు. ప్రిన్సిపాల్ హక్ పేరు చెప్పాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే క్యాంపస్ సెలెక్షన్. ఉద్యోగం సబ్ ఇన్‌స్పెక్టర్, పని మాత్రం లాఠీతో కాదు, కాగితాలతో.

అప్పట్లో నేరస్తులను గుర్తుపట్టడానికి తల చుట్టుకొలత, చెయ్యి పొడవు, పాదం పొడవు ఇలా ఒళ్లంతా కొలిచి రాసుకునేవాళ్లు. ఫ్రాన్స్‌లో బెర్టియాన్ పెట్టిన పద్ధతి అది. హక్‌కు మొదట అప్పగించింది ఈ పనే. టేపు పట్టుకున్న మనిషిని బట్టి కొలత మారిపోయేది. ఒకే మనిషిని ఇద్దరు కొలిస్తే రెండు లెక్కలు. అది అతనికి నచ్చలేదు. వేలిముద్రల మీదికి మళ్లాడు.

ఏ ఇద్దరి వేలిముద్రలూ ఒకలా ఉండవనే సంగతి అప్పటికే తెలుసు. ఫ్రాన్సిస్ గాల్టన్ 1892లో దీనిమీద పుస్తకమే రాశాడు. చిక్కు అది కాదు. స్టేషన్‌లో ఒకడు దొరికాడు, తప్పుడు పేరు చెబుతున్నాడు అనుకోండి. వాడి ముద్ర పాత రికార్డులో ఉందో లేదో చూడాలి. వేల కాగితాలు. అన్నీ ఒక్కొక్కటిగా పోల్చుకుంటూ కూర్చుంటే ఎన్నాళ్లు పడుతుంది? డిక్షనరీలో పదం వెతికినట్టు ముద్రను వెతకాలి. గాల్టన్ చెప్పిన వర్గీకరణ అంత పెద్ద రికార్డుకు సరిపోలేదు.

హక్ కట్టిన లెక్క ఇదీ. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు పిల్లల వేళ్లు పట్టుకుని ఎన్ని చక్రాలు, ఎన్ని శంఖాలు అని చూస్తారు కదా, అక్కడి నుంచే మొదలుపెట్టండి. కుడి బొటనవేలు ఒకటి, కుడి చిటికెనవేలు అయిదు, ఎడమ బొటనవేలు ఆరు, ఎడమ చిటికెనవేలు పది. వీటిని జతలు చేయాలి. మొదటి జతలోని వేళ్లకు తలా 16, రెండో జతకు 8, తర్వాత 4, 2, 1. చక్రం ఉన్న వేలికే ఆ విలువ వస్తుంది, లేకపోతే సున్నా. సరి సంఖ్య వేళ్ల విలువలు కూడి, ఒకటి కలిపి పైన రాయాలి. బేసి సంఖ్య వేళ్లవి కూడి, ఒకటి కలిపి కింద రాయాలి. కుడి బొటనవేలు, కుడి చూపుడువేలు, ఎడమ బొటనవేలు, ఈ మూడింట్లోనే చక్రాలు ఉన్నాయనుకుందాం. పైన 16, 4, 1 కలిపితే 21. కింద 16, 1 కలిపితే 17. ఆ మనిషి కాగితం 21/17 అరలో ఉంటుంది.

అడ్డం 32, నిలువు 32, మొత్తం 1024 అరలు. కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లు ఈపాటికి పట్టేసి ఉంటారు. పది వేళ్లు, ఒక్కోదానికి ఉంది లేదా లేదు అనే రెండే జవాబులు. రెండును పదిసార్లు హెచ్చిస్తే వచ్చేది 1024. బైనరీ! కంప్యూటర్ అనే మాటకు ఇప్పటి అర్థం లేని రోజుల్లో చెక్క బీరువాలో పెట్టిన బైనరీ. ఈ 32 ఇంటు 32 ఆలోచన తనకు రైల్లో తట్టిందనీ, కాగితం లేక చొక్కా కఫ్ మీద రాసుకున్నాననీ హెన్రీ పేరుమీద ఒక కథ ప్రచారంలో ఉంది. లెక్కలో పెద్ద పాలు హక్‌దేనని చరిత్రకారులు ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. తోటి ఉద్యోగి హేమచంద్ర బోస్ వేలిముద్రలను టెలిగ్రాంలో పంపే కోడ్ తయారుచేశాడు.

1897 జూన్‌లో ప్రభుత్వం ఈ పద్ధతిని అధికారికంగా తీసుకుంది. కలకత్తా రైటర్స్ బిల్డింగ్‌లో బ్యూరో నడిచింది. వెంటనే పరీక్ష ఎదురైంది. జల్పాయిగురిలో ఒక టీ తోట మేనేజర్ హత్య అయ్యాడు. అక్కడున్న పంచాంగం మీద రక్తపు వేలిముద్ర దొరికింది. బ్యూరోలో వెతికితే కంగాలీ చరణ్ అనే పాత నౌకరు కాగితంతో కలిసింది. అంతకుముందు దొంగతనం కేసులో శిక్ష పడినవాడు కాబట్టి ముద్ర రికార్డులో ఉంది. 1898లో కోర్టు అతనికి దొంగతనం కిందే శిక్ష వేసింది. హత్య నేరం వేలిముద్ర ఒక్కదానితో తేల్చడానికి ఒప్పుకోలేదు. కొత్త శాస్త్రం మీద ఆపాటి జాగ్రత్త మంచిదే అనిపిస్తుంది.

1900లో హెన్రీ పుస్తకం రాశాడు. అందులో హక్ పేరూ లేదు, బోస్ పేరూ లేదు. 1901లో లండన్ స్కాట్లండ్ యార్డ్‌లో ఫింగర్‌ప్రింట్ బ్యూరో పెట్టి, 1903లో హెన్రీ అక్కడి పోలీస్ కమిషనర్ అయ్యాడు. ప్రపంచమంతా ఆ పద్ధతిని హెన్రీ విధానం అంది, ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో అదే పేరు. హెన్రీని పూర్తిగా తీసిపారేయలేం. కుర్రాణ్ని ఎంచుకుంది, పని చేయనిచ్చింది, ప్రభుత్వంతో కొట్లాడి పద్ధతిని ఒప్పించింది ఆయనే. కానీ పుస్తకంలో రెండు పేర్లు రాయడానికి పెద్ద ఖర్చేమీ లేదు.

హక్ గొడవ చేయలేదు, మానేసి వెళ్లిపోనూ లేదు. 1912లో బిహార్ విడిపోయాక అక్కడి పోలీసు శాఖకు వెళ్లి సూపరింటెండెంట్ దాకా ఎదిగాడు. 1913లో ఖాన్ సాహిబ్, 1924లో ఖాన్ బహదూర్ బిరుదులు వచ్చాయి. అయినా పాతికేళ్ల నాటి మాట మనసులో ఉండిపోయినట్టుంది. ఆ రోజుల్లోనే తన పనికి గుర్తింపు కావాలని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. లండన్ హెన్రీని అడిగింది. తన సిబ్బందిలో ఈ వర్గీకరణకు అందరికంటే ఎక్కువ తోడ్పడింది హక్కేనని హెన్రీ 1926లో రాసి ఇచ్చాడు. ఆలస్యమైనా కాగితం మీదికి ఎక్కింది. 5,000 రూపాయల పారితోషికం ఇచ్చారు. తర్వాతి కాలంలో బ్రిటన్‌లోని ఫింగర్‌ప్రింట్ సొసైటీ హక్, బోస్ ఇద్దరి పేరుమీదా బహుమతి పెట్టింది.

రిటైరయ్యాక చంపారన్‌లోని మోతీహారిలో స్థిరపడ్డాడు. గాంధీ నీలిమందు రైతుల కోసం వెళ్లిన ఊరు అది. ఇంటికి అజీజ్ మంజిల్ అని పేరు పెట్టుకున్నాడు. భార్య, ఎనిమిది మంది పిల్లలు. 12 ఏళ్లకే ఇల్లు వదిలి పారిపోయినవాడికి చివరికి ఇంత పెద్ద ఇల్లు అమరింది. 1935లో అక్కడే కన్నుమూస్తే ఆ ఇంటి ఆవరణలోనే సమాధి చేశారు. పన్నెండేళ్లకు దేశ విభజన వచ్చింది. కుటుంబం ఇల్లు వదిలి పాకిస్తాన్ వైపు వెళ్లిపోయింది. సమాధి మాత్రం మోతీహారిలో ఉండిపోయింది.