పల్చటి చారు, కాకినాడ చేరిన దేహం

సృష్టి గురించి మొన్న పెట్టిన వీడియో మా ఇంట్లోనే గొడవ తెచ్చింది. బయోటెక్ చదువుతున్న మా తమ్ముడు ప్రాణం రసాయనాల్లోంచే పుట్టిందంటాడు. ఆ పైవాడు పోయనిదే ప్రాణం ఎక్కడిదిరా అని మా నానమ్మ. రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఆ రెండు రోజులూ నేను జె.బి.ఎస్. హాల్డేన్ గారి జీవితం చదువుతూ కూర్చున్నాను.

1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. నాన్న జాన్ స్కాట్ హాల్డేన్ పేరున్న శరీరధర్మ శాస్త్రవేత్త. చిన్న పిల్లాణ్ణి గనుల్లోకి తీసుకెళ్లి, పైన పేరుకునే గ్యాస్ ఎలా ఉంటుందో తెలియాలని నిలబెట్టి షేక్‌స్పియర్ నాటకంలో మాటలు అప్పజెప్పించారట. కాసేపటికే పిల్లాడి కాళ్లు తేలిపోయాయి! ఆ నాన్నగారికి, కేవలం భౌతిక, రసాయన సూత్రాలతో ప్రాణాన్ని వివరించలేమన్నది గట్టి అభిప్రాయం. కొడుకు సరిగ్గా దానికి ఎదురుగా వెళ్లారు.

1929లో జీవం పుట్టుక మీద ఆయనో చిన్న వ్యాసం రాశారు. అప్పటి భూమి మీద గాలిలో ఆక్సిజన్ లేదు, కాబట్టి ఓజోన్ పొర కూడా లేదు. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు నేరుగా నీటి మీద పడ్డాయి. నీరు, కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియా కలిసి రకరకాల పదార్థాలయ్యాయి. వాటిని తినేసే సూక్ష్మజీవులు ఇంకా లేవు కదా, అందుకే అవి పేరుకుని సముద్రమంతా వేడి వేడి పల్చటి చారులా మారిందన్నది ఆయన ఊహ. రష్యాలో ఒపారిన్ 1924లోనే ఇలాంటి మాట చెప్పారు. ఆయనే ముందని హాల్డేన్ తర్వాత ఒప్పుకున్నారు. 1953లో స్టాన్లీ మిల్లర్ నీరు, మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్ కలిపి విద్యుత్ మెరుపులు పుట్టిస్తే అమైనో ఆమ్లాలు వచ్చాయి. ప్రాణం మాత్రం రాలేదు. ఈ ముక్క మా తమ్ముడు చెప్పడు!

దేవుడి గురించి హాల్డేన్ మొహమాటపడలేదు. ప్రయోగం మొదలుపెట్టేటప్పుడు దేవుడో దెయ్యమో మధ్యలో వేలు పెట్టరనే అనుకుంటానని, ల్యాబ్‌లో అలా ఉండి బయట ఇంకోలా ఉండటం నిజాయితీ కాదని ఆయన వాదన. ఆర్నాల్డ్ లన్ అనే కాథలిక్ రచయితతో ఉత్తరాల్లో వాదించారు. ఆ ఉత్తరాలు 1935లో పుస్తకంగా వచ్చాయి. అంత విభేదించే మనిషితో ఓపిగ్గా పుస్తకం నిండా వాదించడం నాకు నచ్చింది. మా ఇంట్లో అయితే రెండో మాటకే తలుపులు దబదబా పడతాయి.

సూయజ్ మీద బ్రిటన్ దాడికి నిరసనగానంటూ 1957లో భార్య హెలెన్ స్పర్వేతో కలకత్తా వచ్చేశారు, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి. కుర్తా, పైజామా, శాకాహారం. భారత పౌరసత్వం కూడా తీసుకున్నారు. మన పిఠాపురం నుంచి వెళ్లిన ద్రోణంరాజు కృష్ణ గారు అక్కడ ఆయన శిష్యుడు. ప్రాణిని హింసించకుండా జీవశాస్త్రం చెయ్యొచ్చని, పక్షుల్నీ మొక్కల్నీ చూస్తూ లెక్కలు కట్టమని కుర్రాళ్లకు నేర్పారు. అహింస అంత నచ్చినా దేవుణ్ణి మాత్రం నమ్మలేదు. ఆయన్ని మనవాడిగా చేసేసుకోవాలని నాకూ అనిపించింది కానీ, అది అబద్ధమవుతుంది.

1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో క్యాన్సర్‌తో పోయారు. దేహాన్ని విద్యార్థులు కోసి నేర్చుకోవాలని ముందే రాసిపెట్టారు. అది చేరింది ఎక్కడికో తెలుసా? కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి.

నానమ్మ పుట్టిల్లు కాకినాడే. ఈ సంగతి చెప్పగానే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తమ్ముణ్ణే పిలిచి, ఆ మహానుభావుడికి కర్మలెవరు చేశార్రా అని అడిగింది. వాడు నా వైపు చూశాడు.