చంద్రుణ్ణి చేరిన చితాభస్మం
(యూజీన్ షూమేకర్ జీవితం)

1994 జూలై నెల మన సంఘ సభ్యులలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక తోకచుక్క ముక్కలు ముక్కలై వరుసగా గురుగ్రహం మీద పడుతోందని ఆ వారమంతా దినపత్రికలు మొదటి పేజీల్లో వ్రాశాయి. గురుగ్రహం మీద నల్లని మచ్చలు పడ్డ ఫోటోలు వచ్చాయి. తోకచుక్క కనిపిస్తే రాజులకు చేటు, దేశానికి అరిష్టం అని చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగా విన్న తరం మనది. అలాంటి మనకు, తోకచుక్కే వెళ్లి ఒక గ్రహాన్ని గుద్దుకోవడం, ఆ రోజూ ఆ గంటా శాస్త్రజ్ఞులు ముందే లెక్కగట్టి చెప్పడం వింతగా తోచింది. ఆ తోకచుక్క పేరు షూమేకర్-లెవీ 9. అందులో మొదటి పేరు గల మనిషి జీవితాన్ని మన ప్రత్యేక సంచిక పాఠకులకు పరిచయం చేయాలని ఈ చిన్న ప్రయత్నం.

యూజీన్ షూమేకర్ 1928 ఏప్రిల్ 28న అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరంలో జన్మించారు. తల్లి ఉపాధ్యాయురాలు. ఆమె ఉద్యోగరీత్యా కొంతకాలం బఫెలో నగరంలో ఉన్నారు. అక్కడి మ్యూజియంలో పిల్లలకు నడిపే సైన్సు తరగతులలో ఆయనకు రాళ్లమీద, ఖనిజాలమీద మోజు పట్టుకుంది. 16వ ఏట కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విద్యాసంస్థలో చేరి, 19వ ఏటకే డిగ్రీ పూర్తిచేశారు. 1948లో అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే శాఖలో ఉద్యోగిగా చేరారు. అంటే ఆయనా మనలాగే సర్కారు నౌకరే. యురేనియం నిల్వల కోసం కొలరాడో, యూటా రాష్ట్రాల కొండల్లో తిరగడం మొదట ఆయనకు అప్పగించిన పని.

ఆ ఏడాదే రాకెట్ల ప్రయోగాల గురించి ఒక పత్రికలో చదివారు. మనిషి చంద్రుని మీదికి వెళ్లే రోజు తన జీవితకాలంలోనే వస్తుందనీ, రాళ్లు చదవగలిగిన వాడొకడు తప్పక వెళ్లాలనీ, ఆ వెళ్లేవాడు తానే కావాలనీ ఆ 20 ఏళ్ల యువకుడు నిశ్చయించుకున్నారు. నవ్వుతారని చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. చంద్రుని మీద అడుగు పెట్టాలంటే ముందుగా ఆ మీద ఉన్న గుంటలు ఎలా ఏర్పడ్డాయో తెలియాలి. ఆ రోజుల్లో ఎక్కువమంది పండితులు అవి చల్లారిన అగ్నిపర్వతాల నోళ్లని నమ్మేవారు.

ఆరిజోనా ఎడారిలో దాదాపు 1.2 కిలోమీటర్ల వెడల్పు, 170 మీటర్ల లోతు గల పెద్ద గొయ్యి ఒకటి ఉంది. అది ఆకాశం నుండి పడ్డ ఇనుపరాయి వల్ల ఏర్పడిందని బారింజర్ అనే గనుల వ్యాపారి నమ్మి, ఆ ఇనుము కోసం పాతికేళ్లకు పైగా తవ్వించి, చేతిలో డబ్బంతా పోగొట్టుకుని 1929లో కన్నుమూశారు. ప్రభుత్వ పండితులు మాత్రం అది భూమిలోపలి ఆవిరి పేలి ఏర్పడిన గొయ్యి అని అంతకు ముందే తేల్చి, ఫైలు మూసేశారు. ఆ ఫైలును తిరిగి తెరిచిన వారు షూమేకర్. నెవాడాలో అణుబాంబు పరీక్షల వల్ల ఏర్పడిన గోతులను కొలిచి, ఈ గొయ్యితో పోల్చి చూశారు. రాతిపొరలు తిరగబడిన తీరు రెండింటిలోనూ ఒకటే. 1960లో సహచరులతో కలిసి ఆ గొయ్యి రాళ్లలో కోయసైట్ అనే ఖనిజాన్ని గుర్తించారు. విపరీతమైన ఒత్తిడి కింద ఇసుకరాయిలోని పదార్థం మారితే తప్ప అది తయారుకాదు. భూమిపైన అలాంటి దెబ్బ ఆకాశం నుండి పడ్డ రాయికే సాధ్యం. బారింజర్ ప్రాణమున్నంతవరకు వాదించిన మాట ఆయన పోయిన 31 ఏళ్లకు రుజువైంది. జర్మనీలో నోర్డ్‌లింగెన్ అనే పాత పట్టణం ఉన్న పెద్ద పల్లం కూడా ఇలాంటిదేనని తరువాత తేలింది. ఆ ఊరి చర్చి కట్టిన రాతిలోనే కోయసైట్ ఉంది. మన పొరుగున మహారాష్ట్రలోని లోనార్ సరస్సు కూడా అగ్నిపర్వత బిలం కాదు, ఆకాశం నుండి పడ్డ రాయి చేసిన గొయ్యి అని 1970లలో రుజువైంది. అజంతా, ఎల్లోరా యాత్రలకు వెళ్లే మిత్రులు వీలుంటే చూసి రావచ్చు.

1960 దశకం మొదట్లో భూగర్భ సర్వే శాఖలో గ్రహాల రాళ్లను పరిశీలించే విభాగాన్ని షూమేకర్ ప్రారంభించి, ఫ్లాగ్‌స్టాఫ్ అనే ఊళ్లో స్థిరపరిచారు. చంద్రయాత్రకు ఎంపికైన వ్యోమగాములను ఆరిజోనా గొయ్యి దగ్గరికి తీసుకుపోయి రాళ్లను ఎలా చూడాలో నేర్పారు. తానూ త్వరలో వారిలో ఒకడినవుతానని ఆశ. కాని 1963లో ఆయనకు ఆడిసన్స్ జబ్బు ఉన్నట్టు తేలింది. మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు సరిగా పనిచేయని జబ్బది. మందులు వాడుతూ మామూలుగా బతకవచ్చు గాని, వ్యోమగామిగా మాత్రం పనికిరారు.

మనమందరం ఉద్యోగంలో చేరేటప్పుడు సివిల్ సర్జన్ గారి దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెచ్చి సర్వీసు రిజిస్టరుకు జతపరచుకున్న వాళ్లమే. ఆ ఒక్క కాగితం లేక చేజారిన ఉద్యోగాలు ఎన్నో మనకు తెలుసు. పదిహేనేళ్లు పెంచుకున్న ఆశ ఒక వైద్య నివేదికతో కూలిపోతే ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. షూమేకర్ ఆ దుఃఖాన్ని దిగమింగుకుని, చంద్రుని మీదికి వెళ్లదగిన శాస్త్రజ్ఞులను ఎంపిక చేసే సంఘానికి అధ్యక్షత వహించారు. తనకు దక్కని స్థానానికి ఇతరుల దరఖాస్తులను తానే పరిశీలించారన్న మాట. ఆయన దగ్గర పనిచేసిన హారిసన్ ష్మిట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1972 డిసెంబరులో అపోలో 17లో వెళ్లి చంద్రుని మీద నడిచారు.

ఆ తరువాత షూమేకర్ దృష్టి గుంటల నుండి వాటిని చేసిన రాళ్లవైపు మళ్లింది. భూమి దారికి అడ్డుపడే గ్రహశకలాలు ఎన్ని ఉన్నాయో లెక్క తేల్చాలని 1973లో పాలోమార్ కొండ మీద, 18 అంగుళాల చిన్న దూరదర్శినితో వెతకడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఆయన భార్య కెరొలిన్ గారి గురించి చెప్పాలి. 1951లో వారి వివాహమైంది. ముగ్గురు పిల్లలు. ఆమె చదివినది చరిత్ర, రాజనీతి శాస్త్రం. పెళ్లికి ముందు కొద్దికాలం బడిలో పాఠాలు చెప్పి, ఆ పని నచ్చక మానుకుని, ఇల్లు చూసుకున్నారు. పిల్లలు పెద్దవారై ఎవరి దారిన వారు వెళ్లాక, 1980లో, 51వ ఏట భర్త పనిలో చేయి కలిపారు. ఆకాశంలో ఒకే చోటును ముప్పావుగంటో గంటో వ్యవధిలో రెండుసార్లు ఫోటో తీసి, ఆ రెండు ఫిల్ములను రెండు కళ్లతో ఒకేసారి సూక్ష్మదర్శినిలో చూడాలి. నక్షత్రాలు నిలకడగా ఉంటాయి. కదిలే వస్తువు మాత్రం పైకి తేలినట్టు కనిపిస్తుంది. గంటల తరబడి ఓపికగా కూర్చుని చూడవలసిన పని. ఆమె మొత్తం 32 తోకచుక్కలను, వందలాది గ్రహశకలాలను కనుగొన్నారు.

1993 మార్చి 23 రాత్రి ఆ దంపతులు, వారి మిత్రుడు డేవిడ్ లెవీ పాలోమార్ మీద ఉన్నారు. ఆకాశం మబ్బుగా ఉంది. పైగా ఎవరో పెట్టె తెరవడంతో వెలుగు తగిలి కొన్ని ఫిల్ములు పాడయ్యాయి. ఆ మబ్బులో మంచి ఫిల్ము వాడి డబ్బు దండగ చేయడం షూమేకర్‌కు ఇష్టంలేదు. పాడయిన ఫిల్మునే వాడి చూద్దామని లెవీ సూచించారు. రెండు రోజుల తరువాత ఆ ఫిల్ములో కెరొలిన్‌కు నలిగి సాగినట్టున్న ఒక వింత తోకచుక్క కనిపించింది. చిత్తుబుట్టకు పోవలసిన ఫిల్ము చరిత్రకెక్కింది.

లెక్కలు కట్టగా ఆ తోకచుక్క సూర్యుని చుట్టూ గాక గురుగ్రహం చుట్టూ తిరుగుతోందని తెలిసింది. 1992 జూలైలో అది గురుగ్రహానికి మరీ దగ్గరగా పోవడంతో, ఆ గ్రహం ఆకర్షణకు తట్టుకోలేక ఇరవైకి పైగా ముక్కలై పూసలదండలా సాగిపోయింది. 1994 జూలైలో ఆ ముక్కలన్నీ గురుగ్రహం మీద పడతాయని 1993 మే నెలలోనే ప్రకటించారు.

గురుగ్రహం వ్యాసం భూమికి 11 రెట్లు. అది చాలావరకు హైడ్రోజన్, హీలియం వాయువులే. కాలుమోపేందుకు గట్టి నేల లేదు. అందువల్ల ఆ ముక్కలు జాడ లేకుండా మునిగిపోతాయని కొందరు శాస్త్రజ్ఞులు అనుకున్నారు. జూలై 16న, మన గడియారం ప్రకారం 17వ తేదీ తెల్లవారుజామున, మొదటి ముక్క సెకనుకు 60 కిలోమీటర్ల వేగంతో పడింది. అంతరిక్షంలోని హబుల్ దూరదర్శినికి గ్రహం అంచుపైన లేచిన మంటల మేఘం కనిపించింది. 18వ తేదీన పడిన పెద్దముక్క వల్ల ఏర్పడిన నల్లని మచ్చ మన భూమి అంత వెడల్పు ఉంది. దాని శక్తి 60 లక్షల మెగాటన్నుల పేలుడు పదార్థంతో సమానమని అంచనా. జూలై 22తో ఆ వరుస ముగిసింది. వాయుగ్రహం గనుక గొయ్యి మిగలలేదు. మచ్చలు మాత్రం నెలల తరబడి ఉండి, అక్కడి గాలులకు చెదిరి మాసిపోయాయి.

జీవితమంతా గోతులను చూసి జరిగినదాన్ని ఊహించిన షూమేకర్, 66వ ఏట ఆ దెబ్బ పడుతుండగానే చూడగలిగారు. గ్రహాల మీద ఇలాంటి దెబ్బలు పాతకథలు కావని లోకమంతా ఒప్పుకుంది. 2009 జూలైలో ఆస్ట్రేలియాకు చెందిన ఒక ఔత్సాహికుడు గురుగ్రహం మీద అలాంటి మచ్చనే మళ్లీ చూశారు. భూమికి దగ్గరగా వచ్చే, కిలోమీటరుకు మించిన రాళ్లలో నూటికి 90 వంతులను గుర్తించాలని 1998లో నాసా పూనుకుంది. 2022 సెప్టెంబరులో ఒక చిన్న గ్రహశకలాన్ని యంత్రనౌకతో గుద్దించి, దాని దారిని మార్చి చూపించారు కూడా.

షూమేకర్ దంపతులు ఏటేటా ఆస్ట్రేలియా వెళ్లి పాత గోతులను వెతికేవారు. 1997 జూలై 18న ఆలిస్ స్ప్రింగ్స్‌కు దూరంగా ఒక మట్టిరోడ్డు మీద వారి వాహనం, ఎదురుగా వచ్చిన మరో వాహనం ఢీకొన్నాయి. షూమేకర్ అక్కడికక్కడే మరణించారు. వయస్సు 69. కెరొలిన్ గారు తీవ్రగాయాలతో బయటపడ్డారు.

మనం అస్థికలను గోదావరిలోనో, కృష్ణలోనో, స్తోమత ఉంటే కాశీలోనో కలుపుతాము. షూమేకర్ అస్థికలలో కొద్దిభాగానికి మాత్రం మరెవరికీ అంతకు ముందు దక్కని చోటు దొరికింది. ఆయన దగ్గర చదువుకున్న కెరొలిన్ పోర్కో అనే శాస్త్రవేత్త సూచనపై, చిటికెడు చితాభస్మాన్ని చిన్న గొట్టంలో ఉంచి లూనార్ ప్రాస్పెక్టర్ అనే నౌకలో పెట్టారు. గొట్టం చుట్టూ చుట్టిన ఇత్తడిరేకు మీద ఒక తోకచుక్క బొమ్మ, ఆరిజోనా గొయ్యి బొమ్మ చెక్కించారు. 1998 జనవరిలో బయలుదేరిన ఆ నౌక ఏడాదిన్నర పనిచేసి, 1999 జూలై 31న చంద్రుని దక్షిణ ధ్రువం దగ్గరి ఒక గొయ్యిలో పడింది. నీటి జాడ కోసం దానిని కావాలనే అక్కడ పడేశారు. ఆ గొయ్యికి తరువాత షూమేకర్ పేరే పెట్టారు. వైద్యులు పంపకూడదన్న చోటికి ఆయన అలా చేరుకున్నారు. 2023లో మన చంద్రయాన్-3 దిగినది కూడా చంద్రుని దక్షిణ భాగంలోనే.

భర్త పోయాక, గాయాలు మానగానే కెరొలిన్ గారు మళ్లీ పనిలో కూర్చున్నారు. 2021 ఆగస్టులో 92వ ఏట కన్నుమూశారు.

మిత్రులారా! రిటైరైన మరునాటి నుండి పొద్దుపోవడం లేదని మన సమావేశాలలో తరచు వింటుంటాము. 51వ ఏట ఏమీ తెలియని పనిలో అక్షరాభ్యాసం చేసిన ఆ తల్లిని, కోరిన కుర్చీ దక్కకపోయినా పని మానని ఆ పెద్దమనిషిని ఆ రోజున తలుచుకుందాం. రాత్రి మేడమీద మంచం వాల్చినప్పుడు, మనవల చేయి పట్టుకుని గురుగ్రహాన్ని చూపించి, చంద్రునిలో ఉన్న షూమేకర్ కథ చెప్పండి. తోకచుక్క అంటే అరిష్టమన్న భయం మనతోనే పోవాలి, వాళ్ల దాకా రానక్కరలేదు.