రెస్ట్ కూడా ట్రైనింగే: రుడాల్ఫ్ హార్బిగ్ కథ

800 మీటర్ల రికార్డు అప్పటికి 1 నిమిషం 48.4 సెకన్లు. 1939 జూలై 15న మిలాన్‌లో ఇటలీ రన్నర్ మారియో లాంజిని చివర్లో దాటేసి, హార్బిగ్ దాన్ని 1:46.6కి దించేశాడు. ఒకేసారి 1.8 సెకన్లు! ఈ రికార్డుని 1955 దాకా ఎవరూ బద్దలు కొట్టలేకపోయారు.

హార్బిగ్ 1913 నవంబర్ 8న జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఒక పేద కుటుంబంలో పుట్టాడు. బండ్లు తయారుచేసే పని నేర్చుకున్నాడు. తర్వాత ఇల్లిల్లూ తిరిగి గ్యాస్ మీటర్ రీడింగ్ తీసే ఉద్యోగం చేశాడు. 1934లో వోల్డెమార్ గెర్ష్లర్ అనే కోచ్ కంట్లో పడ్డాడు. అక్కడి నుంచి అతని లైఫ్ మారిపోయింది.

గెర్ష్లర్ ఐడియా సింపుల్. తక్కువ దూరం, ఎక్కువ స్పీడ్, మధ్యలో కొలిచి ఇచ్చే రెస్ట్, మళ్ళీ పరుగు. గుండె డాక్టర్ హెర్బర్ట్ రైండెల్‌తో కలిసి దీన్ని ఆయన ఒక పద్ధతిగా తయారుచేశాడు. వాళ్ళ లెక్క ఇది: 100 లేదా 200 మీటర్లు పరుగెత్తాక పల్స్ దాదాపు 180కి వెళ్ళాలి. ఆగాక 90 సెకన్లలోపు 120కి దిగాలి. దిగితేనే తర్వాతి పరుగు. దిగకపోతే స్పీడ్ ఎక్కువైందని అర్థం, తగ్గించుకోవాలి. మన భాషలో చెప్పాలంటే, కండిషన్ ట్రూ అయితేనే లూప్ ముందుకు వెళ్తుంది.

ఎందుకిలా? రెస్ట్‌లో గుండె ప్రతి దెబ్బకీ ఎక్కువ రక్తం పంపుతుందని, అలా గుండె గదులు పెద్దవవుతాయని రైండెల్ నమ్మాడు. ఇప్పటి సైన్స్ అయితే పరుగు భాగానికీ అంతే విలువ ఇస్తుంది. ఏదేమైనా, ట్రైనింగ్ అయిన గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం తోస్తుంది. అందుకే రన్నర్లకి మామూలప్పుడు పల్స్ తక్కువగా ఉంటుంది. అది జబ్బు కాదు.

1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో హార్బిగ్ 800 మీటర్ల హీట్స్‌లోనే ఔటయ్యాడు, 4×400 రిలేలో మాత్రం కాంస్యం వచ్చింది. 1938లో యూరప్ ఛాంపియన్ అయ్యాడు. మిలాన్ తర్వాత నెల తిరక్కుండానే ఫ్రాంక్‌ఫర్ట్‌లో 400 మీటర్లు 46.0కి పరుగెత్తాడు, అదీ వరల్డ్ రికార్డే. 1941లో 1000 మీటర్ల రికార్డు కూడా తనదే చేసుకున్నాడు.

అతను పరుగెత్తింది నాజీ జర్మనీ తరఫున. యుద్ధం వల్ల 1940 ఒలింపిక్స్ జరగనేలేదు. పల్స్ దిగేదాకా ఆగమన్న కోచ్ ఉన్నాడు గానీ, ఆగమనే దేశం లేదు. పారాట్రూపర్‌గా వెళ్ళిన హార్బిగ్ 1944 మార్చి 5న ఉక్రెయిన్‌లో చనిపోయాడు. అప్పటికి వయసు 30.

అతని పద్ధతి మాత్రం ఆగలేదు. 1952లో గెర్ష్లర్ శిష్యుడు, లక్సెంబర్గ్ రన్నర్ జోసీ బార్థెల్ 1500 మీటర్లలో ఒలింపిక్ గోల్డ్ కొట్టాడు. ఇప్పుడు గ్రౌండ్‌లో ఇంటర్వల్స్ చేసే ప్రతివాళ్ళూ, తెలిసో తెలియకో, ఆ మీటర్ రీడర్ దారిలోనే పరుగెత్తుతున్నారు. కాకపోతే చాలామంది పరుగులు లెక్కపెడతారు, రెస్ట్‌ని లెక్కపెట్టరు. ఈసారి ఆగినప్పుడు మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి చూడండి.